ద్రాక్షతోటల నడుమ వనభోజనం: నాపా, సొనోమా, హీల్డ్స్‌బర్గ్, లివర్మోర్‌లలో ఎవరికి ఏది తగినది?

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటారు, శనివారం అందరికీ తీరిక దొరుకుతుంది. పులిహోర కలిపి, దద్దోజనం డబ్బాకెత్తి, ఉత్తర కాలిఫోర్నియా ద్రాక్షతోటల వైపు వెళ్లి ఏదో ఒక చెట్టు నీడన కూర్చుని తిందామని శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని తెలుగు కుటుంబాలు ఏటా అనుకుంటూనే ఉంటాయి. తోటలు కనుచూపు మేర ఉంటాయి కనుక చోటుకేం కొదవ అన్న ధీమాతో బయలుదేరతాం. ఆ తోటలన్నీ ఎవరో ఒకరి సొంత ఆస్తి అనీ, వైన్ తయారుచేసి అమ్మే వైనరీ ముందు కనిపించే పచ్చిక మీద మన క్యారియర్ విప్పడానికి వీల్లేకపోవచ్చనీ అక్కడికి చేరాకగాని తెలియదు. మొదటిసారి మా కుటుంబానికి సరిగ్గా ఇదే జరిగింది. ఒక వైనరీలో ఖాళీ బల్ల చూసి డబ్బాలు తెరిచాం. అక్కడి ఉద్యోగి వచ్చి, బయటి భోజనం ఇక్కడ తినకూడదని మర్యాదగానే చెప్పారు. ఆకలితో ఉన్న మా అత్తయ్యగారు విస్తరాకు మళ్లీ మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఆ రోజు కారులో కూర్చుని తిన్న భోజనం గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ తరువాత కొన్నేళ్లుగా ఈ నాలుగు ప్రాంతాలకూ పెద్దవాళ్లతో, పిల్లలతో, ఒక్కోసారి స్నేహితులతో వెళ్లి వచ్చిన అనుభవంతో ఈ పోలిక రాస్తున్నాను.

## ముందుగా తేల్చుకోవలసినవి

అన్నింటికన్నా మొదటి ప్రశ్న, భోజనం ఇంటి నుంచి తీసుకువెళ్తున్నారా, అక్కడే కొనుక్కుంటారా అన్నది. ఏ లోయకు వెళ్లాలి, ఏ దారిలో వెళ్లాలి, ఎంత ఖర్చవుతుంది అన్నవన్నీ దీని మీదే ఆధారపడతాయి. మంచి దృశ్యం ఉన్న చోటును ఎంచుకుని, అక్కడ తినవచ్చో లేదో తరువాత చూసుకుందామనుకునేవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

దీనికి కారణం తెలుసుకుంటే మిగతాది సులభంగా అర్థమవుతుంది. నాపా కౌంటీ 1968లోనే తన లోయ భూమిని వ్యవసాయానికి ప్రత్యేకించి, ఇళ్ల స్థలాలుగా ముక్కలు చేయకుండా కట్టడి చేసింది. అమెరికాలో ఇటువంటి వ్యవసాయ రక్షిత ప్రాంతాల్లో ఇదే మొదటిదని చెబుతారు. ఆపైన 1990లో వైనరీ అంటే ఏమిటో నిర్వచిస్తూ మరో నిబంధన తెచ్చింది. వైన్ తయారీయే అక్కడ ప్రధానమైన పని కావాలి, భోజనాలు, వేడుకలు వంటివి దానికి లోబడి ఉండాలి అన్నది దాని సారాంశం. తోటలన్నీ ఫలహారశాలలుగా, కల్యాణమంటపాలుగా మారిపోకూడదన్నది ఉద్దేశం. దాని ఫలితంగానే లోయ ఇంత పచ్చగా మిగిలింది, దాని ఫలితంగానే అక్కడ వనభోజనానికి అనుమతి ఉన్న వైనరీలు తక్కువ. మనల్ని లేవమన్న ఉద్యోగి వెనుక ఇంత చరిత్ర ఉందని తెలిశాక నాకు కోపం పోయింది. సొనోమా కౌంటీలో ఈ బిగువు అంత లేదు. పచ్చిక, బల్లలు సందర్శకులకు వదిలిపెట్టే వైనరీలు అక్కడ చాలానే కనిపిస్తాయి.

రెండవది వైన్ విషయం. వైనరీ ఆవరణలో ఆ వైనరీ వైన్ మాత్రమే తాగాలి. మరో చోట కొన్న సీసాను, బీరును అక్కడ తెరవడానికి వారి లైసెన్సు ఒప్పుకోదు. ఒక వైనరీలో కొని మరో వైనరీ బల్ల మీద తెరుద్దామనే ఆలోచన పనికిరాదు. ఇక ప్రభుత్వ పార్కుల్లో, ఊళ్ల పార్కుల్లో మద్యపానం గురించి ఎక్కడి నిబంధన అక్కడిదే కాబట్టి ప్రవేశద్వారం దగ్గరి బోర్డు చదివి నడుచుకోవాలి. తెరిచిన సీసాను కారులో మనుషులు కూర్చునే చోట ఉంచుకోవడం కాలిఫోర్నియాలో నేరం, మిగిలితే బిరడా బిగించి డిక్కీలో పెట్టాలి. రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరితే కారు నడపడం శిక్షార్హం. అంతకు తక్కువ ఉన్నా నడక, మాట తడబడితే పోలీసులు వదలరు. కనుక వెనక్కి కారు నడిపేవారెవరో ఇంటి దగ్గరే నిర్ణయించుకుని, ఆ మాట మీద ఉండాలి.

మూడవది నీడ. ద్రాక్షతోటలో నీడ ఉండదు, ఆ తీగలను మనిషి ఎత్తు కన్నా పెద్దగా పెరగనివ్వరు. ఫొటోల్లో అందంగా కనిపించే తోట అంచు బల్ల జులై మధ్యాహ్నం కూర్చోవడానికి వీలు కానంత వేడెక్కుతుంది. నా లెక్కలో నీడకు దృశ్యం కన్నా ఎక్కువ విలువ ఇవ్వాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే వీపు ఆనించుకోవడానికి వీలున్న కుర్చీలు, కారు ఆపిన చోటు నుంచి బల్ల వరకు ఉన్న దూరం, మరుగుదొడ్డి దగ్గరలో ఉందా అన్నవి కూడా ఇక్కడే చూసుకోవాలి. ఇక ప్రయాణ సమయం, పిల్లలకు ఆడుకునే చోటు, ఖర్చు అన్నవి ఎవరి అవసరాన్ని బట్టి వారికి ముఖ్యమవుతాయి.

ఈ కొలమానాల మీద నాలుగు ప్రాంతాలూ ఎలా నిలుస్తాయో స్థూలంగా ఇది. ప్రయాణ సమయం ఫ్రీమాంట్ నుంచి, రద్దీ లేని ఉదయాన బయలుదేరితే పట్టేది.

| ప్రాంతం | కారులో | ఇంటి భోజనానికి | వైన్‌తో కలిపి | నీడ | పెద్దవారికి |
|---|---|---|---|---|---|
| నాపా లోయ | గంటన్నర దాకా | పార్కుల్లో సరే, వైనరీల్లో కష్టం | ముందుగా సమయం తీసుకోవాలి, ఖర్చు ఎక్కువ | రెడ్‌వుడ్ చెట్లున్న స్టేట్ పార్కులో బాగు | పార్కులో సౌకర్యం |
| సొనోమా లోయ | గంటన్నర | చాలా అనుకూలం | సులభం | ప్లాజాలోను, ఓక్ చెట్ల కింద బాగు | నాలుగింటిలో ఉత్తమం |
| హీల్డ్స్‌బర్గ్, రష్యన్ నది | రెండు గంటలు, ఆపైన | వైనరీని బట్టి | ఉత్తమం | రెడ్‌వుడ్ అడవిలో అమోఘం | దూరం ఇబ్బంది |
| లివర్మోర్ | అరగంట | పార్కుల్లో అనుకూలం | సులభం | పార్కులను బట్టి | దగ్గర కనుక సౌకర్యం |

## సొనోమా లోయ: క్యారియర్‌తో వెళ్లేవారికి

ఇంటి భోజనంతో వెళ్లే కుటుంబానికి నేను మొదట చెప్పేది సొనోమాయే. ఊరి నడిబొడ్డున ఎనిమిది ఎకరాల ప్లాజా ఉంది. 1835లో ఇక్కడ మెక్సికో సేనానిగా ఉన్న వయేహో దీన్ని కొలిచి వేయించారు. కాలిఫోర్నియాలో ఇంత పెద్ద ప్లాజా మరొకటి లేదు. పెద్ద చెట్లు, బల్లలు, బాతుల కొలను, పిల్లల ఆటస్థలం, మరుగుదొడ్లు అన్నీ ఒకే చోట ఉంటాయి. ఎవరి అనుమతీ అడగకుండా, ఏమీ కొనకుండా, జంబుఖానా పరుచుకుని కూర్చోవచ్చు. పగటి పూట నిర్ణీత వేళల్లో, బోర్డులు సూచించిన భాగంలో వైన్ తాగడానికి కూడా అనుమతిస్తారు. ద్రాక్షసీమలోని ఊరి పార్కుల్లో ఇది అరుదైన వెసులుబాటు.

ప్లాజా ఒక మూలన 1823లో స్థాపించిన మిషన్ చర్చి ఉంది. కాలిఫోర్నియాలోని 21 స్పానిష్ మిషన్లలో చివరిది, అన్నింటికన్నా ఉత్తరాన ఉన్నది ఇదే. 1846 జూన్ 14న కొందరు అమెరికన్ వలసదారులు మెక్సికో పాలనను ధిక్కరించి ఎలుగుబంటి బొమ్మ ఉన్న జెండాను ఈ ప్లాజాలోనే ఎగరవేశారు. వారి రిపబ్లిక్ మూడు వారాలు దాటి కొద్ది రోజులే నిలిచింది గాని ఆ ఎలుగుబంటి ఇప్పటికీ రాష్ట్ర పతాకం మీద ఉంది. భోజనం తరువాత పెద్దవాళ్లు ఒక కునుకు తీస్తుంటే, కాస్త ఎదిగిన పిల్లలకు ఈ కథ చెప్పి చుట్టూ తిప్పి తీసుకురావచ్చు.

చీజ్ కొనాలనుకునే శాకాహారులకు ఒక మాట. సొనోమా చీజ్‌కు పేరున్న ఊరు, ప్లాజా చుట్టుపక్కల దుకాణాల్లో రుచి చూపించి అమ్ముతారు. పాలను విరిచి గడ్డకట్టించడానికి వాడే రెన్నెట్ కొన్ని చీజ్‌లలో దూడ పొట్ట నుంచి తీసినదై ఉంటుంది, మరికొన్నింటిలో సూక్ష్మజీవుల నుంచి తయారైనదై ఉంటుంది. పైకి చూస్తే తేడా తెలియదు. మా నాన్నగారి వంటి నిష్ఠాపరులు వెంట ఉంటే దుకాణంలో శాకాహార రెన్నెట్ వాడినదేనా అని అడిగి తీసుకోండి. అమ్మేవాళ్లకు ఇది తెలిసిన ప్రశ్నే, విసుక్కోరు.

ఊరి సందడి వద్దనుకునేవారికి అక్కడికి పావుగంట, ఇరవై నిమిషాల దూరంలో గ్లెన్ ఎలెన్ దగ్గర జాక్ లండన్ స్టేట్ హిస్టారిక్ పార్కు ఉంది. నా మనసుకు నాలుగు ప్రాంతాల్లోనూ అన్నింటికన్నా నచ్చిన చోటు ఇది. రచయితగా ప్రపంచమంతటికీ తెలిసిన జాక్ లండన్ 1905 నుంచి ఇక్కడ భూమి కొంటూ వచ్చి, 1916లో తన నలభయ్యవ ఏట ఇక్కడే కన్నుమూశాడు. పట్టుదలతో కట్టించుకున్న వుల్ఫ్ హౌస్ అనే రాతి భవనం, అందులో అడుగుపెట్టకముందే 1913 ఆగస్టులో కాలిపోయింది. ఆ మొండిగోడలు ఇప్పటికీ అడవి మధ్య నిలబడి ఉన్నాయి. కారుకు సుమారు 10 డాలర్ల ప్రవేశ రుసుము కట్టి లోపలికి వెళితే, కారు ఆపిన చోటికి దగ్గరలోనే చెట్ల కింద బల్లలు ఉంటాయి. లండన్ నివసించిన చిన్న ఇంటి పక్కగా నడిస్తే ద్రాక్షతోట వాలు, దాని వెనుక కొండ కనిపిస్తాయి. తోట దృశ్యం, చెట్టు నీడ, ఇంటి భోజనం మూడూ ఒకే చోట కుదరడం ఈ సీమలో ఎంత కష్టమో తిరిగినవారికి తెలుస్తుంది.

వ్యవసాయం చేసిన పెద్దవాళ్లకు ఇక్కడ వేరే ఆకర్షణ కూడా ఉంది. వర్షానికి సారం కొట్టుకుపోయిన కొండవాలును లండన్ కొని, ఆసియా దేశాల్లో చూసి వచ్చిన పద్ధతిలో మెట్లు మెట్లుగా చదును చేయించి, పచ్చిరొట్ట ఎరువుతో బాగుచేయాలని శ్రమించాడు. ఆ మెట్ల సేద్యపు ఆనవాళ్లు ఇంకా ఉన్నాయి. మా నాన్నగారికి ఆ రచయిత పేరే తెలియదు. ఆ మెట్లు, గుండ్రంగా కట్టిన రాతి పందులశాల చూస్తూ గంటసేపు నిలబడిపోయి, ఈ మనిషికి మట్టి తెలుసు అన్నారు.

సొనోమా లోపాలు కూడా చెప్పాలి. వారాంతంలో ప్లాజా చుట్టూ కారు ఆపడానికి మధ్యాహ్నం పన్నెండు దాటితే తిరుగుతూనే ఉండాలి. జాక్ లండన్ పార్కులో వుల్ఫ్ హౌస్ దాకా నడక రానూ పోనూ మైలుకు పైగా ఉంటుంది, తిరుగు దారిలో ఎత్తు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారిని బల్లల దగ్గరే కూర్చోబెట్టి వెళ్లడం మంచిది.

## నాపా లోయ: పేరు కోసం కాక, పార్కు కోసం

నాపా పేరు అందరికీ తెలుసు కనుక చూసి తీరాలని చుట్టాలు అడుగుతారు. అడిగినప్పుడు తీసుకువెళ్లాలి, కాదనకూడదు. ఇక్కడ వైన్ రుచి చూడడానికే ఒక్కొక్కరికి 40, 50 డాలర్లు దాటడం మామూలు. చాలా చోట్ల ముందే సమయం నిర్ణయించుకోవాలి, కొన్ని చోట్ల 21 ఏళ్ల లోపువారిని రానివ్వరు. పదిమంది కుటుంబంలో ముగ్గురు మాత్రమే తాగేవారైనప్పుడు ఈ లెక్క కుదరదు.

పిక్నిక్‌కు పేరున్న వైనరీలు నాపాలో లేకపోలేదు. సెయింట్ హెలీనాలోని వి. సాటూయీ వైనరీలో పెద్ద చెట్ల కింద విశాలమైన పచ్చిక, లోపలే చీజ్‌లు, రొట్టెలు అమ్మే దుకాణం ఉన్నాయి. అక్కడే కొనుక్కుని అక్కడే తినేవారికి ఇది సౌకర్యం. రూథర్‌ఫర్డ్ హిల్ వైనరీ కొండ మీద నుంచి లోయ మొత్తం కనిపిస్తుంది. ఇటువంటి చోట్లకు వెళ్లే ముందు ఫోన్ చేసి రెండే రెండు ప్రశ్నలు అడగండి: బయటి భోజనం తెచ్చుకోవచ్చా, బల్ల కావాలంటే సీసా కొనాలా లేక రుసుము కట్టాలా. ఈ నియమాలు ఏటికేడాది మారుతుంటాయి కాబట్టి పోయినసారి వెళ్లివచ్చిన స్నేహితుడి మాట ఆధారంగా తీసుకోవద్దు.

క్యారియర్‌తో వెళ్లేవారు మాత్రం వైనరీలను పక్కనపెట్టి, సెయింట్ హెలీనా, కాలిస్టోగాల మధ్య ఉన్న బోతే-నాపా వ్యాలీ స్టేట్ పార్కుకు నేరుగా వెళ్లాలి. హైవే 29 పక్కనే ఉంటుంది. లోపలికి వెళితే రెడ్‌వుడ్ చెట్లు, వాగు, బల్లలు, వేసవిలో ఈతకొలను ఉంటాయి. బయట తోటల్లో ఎండ మాడుతున్నా లోపల చల్లగా ఉంటుంది. అక్కడికి దగ్గరలోనే 1846లో కట్టిన బేల్ పిండిమర ఉంది. 36 అడుగుల నీటి చక్రంతో తిరిగే ఈ మరను వారాంతాల్లో నడిపి చూపిస్తారు, పెద్ద రాళ్ల మధ్య గింజ నలిగి పిండి రాలుతుంది. తిరగలి తిప్పిన చేతులున్న మా అమ్మమ్మ వంటివారికి ఏ వైనరీ ఇంత ఆనందాన్ని ఇవ్వలేదు. రెండింటినీ కలుపుతూ కాలిబాట కూడా ఉంది గాని ఎత్తుపల్లాలున్న దారి, పెద్దవాళ్లను కారులోనే తీసుకువెళ్లాలి.

సెయింట్ హెలీనా, కాలిస్టోగా, యౌంట్‌విల్ ఊళ్లలో చిన్న చిన్న పార్కులున్నాయి. అరగంటలో తిని లేచిపోవడానికి చాలు, రోజంతా గడపడానికి కాదు. నాపా ఊరిలోని ఆక్స్‌బో పబ్లిక్ మార్కెట్‌లో ఎవరికి నచ్చింది వారు కొనుక్కుని నది పక్కన తినవచ్చు. పిల్లలు పులిహోర వద్దని మారాం చేసే రోజుకు ఇది పనికొస్తుంది.

నాపాలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, శనివారం మధ్యాహ్నం హైవే 29 మీద కార్లు బారులు తీరుతాయి. దానికి సమాంతరంగా తూర్పున ఉన్న సిల్వరాడో ట్రెయిల్ మీదుగా వెళితే దృశ్యమూ బాగుంటుంది, సమయమూ కలిసివస్తుంది. రెండు, లోయ దక్షిణ కొసన సాన్ పాబ్లో అఖాతం మీది చల్లగాలి, ఉదయపు మంచు ఉంటాయి. ఉత్తరానికి పోయేకొద్దీ వేడి పెరిగి కాలిస్టోగా దగ్గర బాగా ఎండ కాస్తుంది. నాపా ఊరిలో శాలువా కప్పుకున్నవారికి గంట తరువాత గొడుగు కావలసి వస్తుంది.

## హీల్డ్స్‌బర్గ్, డ్రై క్రీక్, రష్యన్ నది: తీరిక ఉన్నవారికి

ఇద్దరే వెళ్తున్నప్పుడు, లేదా వైన్ మీద నిజమైన ఆసక్తి ఉన్న నలుగురు స్నేహితులు కలిసినప్పుడు, నేను ఇక్కడికే వెళ్లమంటాను. హీల్డ్స్‌బర్గ్ ఊరి పక్కనున్న డ్రై క్రీక్ లోయ జిన్‌ఫాండెల్ ద్రాక్షకు పేరు పొందింది. తోటలు చిన్నవి, దారులు ఇరుకువి, హడావుడి తక్కువ. 1972లో స్థాపించిన డ్రై క్రీక్ వైన్‌యార్డ్‌లో పచ్చిక మీద చెట్ల కింద బల్లలున్నాయి. ప్రెస్టన్ అనే వైనరీ సేంద్రియ సాగు చేసే రైతు ఇంటి ఆవరణలా ఉంటుంది. 1881 నాటి డ్రై క్రీక్ జనరల్ స్టోర్‌లో శాండ్‌విచ్‌లు కట్టించుకుని వెళ్లడం అక్కడివారి అలవాటు. ఆ దుకాణం ముందు వసారాలో కూర్చుని చూస్తే మన పల్లెటూరి కూడలిలోని కిరాణా కొట్టు అరుగు గుర్తుకొస్తుంది. వైనరీలో రుచి చూసి, నచ్చిన సీసా ఒకటి కొని, అదే ఆవరణలో తెరుచుకుని నెమ్మదిగా తినడం అన్న పద్ధతికి నాలుగింటిలో ఇంత అనువైన లోయ మరొకటి లేదు.

కుటుంబంతో అటు వెళ్లేవారికి గర్న్‌విల్ దగ్గరి ఆర్మ్‌స్ట్రాంగ్ రెడ్‌వుడ్స్ అడవి ఉంది. 805 ఎకరాలు. అందులోని కర్నల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే చెట్టు వయసు 1,400 ఏళ్లు దాటిందని అంచనా, పార్సన్ జోన్స్ అనే చెట్టు ఎత్తు 310 అడుగులకు పైమాటే. వేంగిలో చాళుక్యుల పాలన మొదలయ్యేనాటికే ఆ మొదటి చెట్టు నిలబడి ఉందన్నమాట. సందర్శక కేంద్రం నుంచి లోపలికి బాట సమతలంగా ఉంటుంది, చక్రాల కుర్చీలో ఉన్నవారిని కూడా తీసుకువెళ్లవచ్చు. కారు బయట ఆపి నడిచి వెళితే రుసుము లేదు, లోపలి పిక్నిక్ బల్లల దాకా కారులో వెళ్లాలంటే కట్టాలి. ఆ నీడ మామూలు నీడ కాదు, జులైలోనూ చలి వేస్తుంది. దద్దోజనం కన్నా వేడి సాంబారు అన్నం తెచ్చుకుని ఉంటే బాగుండేదని మాకు అనిపించింది. ఫ్లాస్కులో కాఫీ తప్పక తీసుకువెళ్లండి.

ఇక్కడి చిక్కు దూరమే. సిలికాన్ వ్యాలీ నుంచి రానూ పోనూ నాలుగు గంటలు దాటుతుంది, గర్న్‌విల్ దారి మలుపులతో పిల్లలకు కడుపులో తిప్పుతుంది. హీల్డ్స్‌బర్గ్‌లో నది ఒడ్డున వెటరన్స్ మెమోరియల్ బీచ్ ఉంది. వేసవిలో పిల్లలు నీళ్లలో ఆడుకోవచ్చు, అయితే రష్యన్ నది పైకి కనిపించినంత నెమ్మదైనది కాదు కాబట్టి ఈత వచ్చినవారికి కూడా లైఫ్ జాకెట్ వేయాలి. ఒక్క రోజులో తోట, అడవి, నది మూడూ చుట్టి రావాలని ప్రయత్నించవద్దు. రాత్రి అక్కడే ఉండగలిగితే వెళ్లండి, లేకపోతే వీటిలో ఒకటే ఎంచుకోండి.

## లివర్మోర్: మన ఇంటి పక్కనే ఉన్న ద్రాక్షసీమ

నాపా పేరు మోజులో మనవాళ్లు దాదాపు మరచిపోయేది లివర్మోర్. వెంటీ, కన్‌కానన్ వైనరీలు రెండూ 1883లోనే ఇక్కడ మొదలయ్యాయి, అంటే ఇది కొత్తగా పుట్టిన సీమ కాదు. డబ్లిన్, ప్లెజంటన్, శాన్ రామోన్, ఫ్రీమాంట్‌లలో ఉండే తెలుగువారికి అరగంట లోపు దూరం. ఇక్కడి శివవిష్ణు ఆలయానికి ఎటూ నెలకోసారి వెళ్తూనే ఉంటాం. దర్శనం చేసుకుని, అక్కడి నుంచి నేరుగా వనభోజనానికి వెళ్లే వీలు మిగతా మూడు ప్రాంతాల్లోనూ లేదు. దైవదర్శనం రోజున మద్యం జోలికి పోకూడదన్నది మా ఇంటి పద్ధతి కనుక ఆ రోజు మేం తోటల పక్కన తింటామే గాని వైనరీలోకి వెళ్లం. ఆ పట్టింపు లేనివారు వారి వీలును బట్టి చేసుకోవచ్చు.

భోజనానికి రెండు చోట్లు చెబుతాను. సికమోర్ గ్రోవ్ పార్కు ఊరి దక్షిణపు అంచున, తోటలను ఆనుకుని, వాగు వెంట ఉంటుంది. దారి చదునుగా, పక్కాగా వేసి ఉంటుంది కాబట్టి భోజనమయ్యాక పెద్దవాళ్లు నాలుగడుగులు వేయడానికి, పిల్లలు సైకిలు తొక్కడానికి బాగుంటుంది. ఇంకొంచెం ముందుకు, కొండల మధ్యకు వెళితే డెల్ వాల్యే ప్రాంతీయ పార్కు వస్తుంది. సుమారు ఐదు మైళ్ల పొడవైన జలాశయం, దాని ఒడ్డున బల్లలు, పడవలు ఉంటాయి. రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లే రోజుకు ఇదే సరైనది. నీటిలో విషపు నాచు పెరిగినప్పుడు ఈతను ఆపేస్తారు కనుక, పిల్లలకు మాట ఇచ్చే ముందు పార్కు వెబ్‌సైటు చూడండి.

లివర్మోర్‌కు సొనోమా అందం లేదు, ఆ మాట దాచను. వేసవిలో గడ్డి ఎండి కొండలు గోధుమరంగుకు తిరుగుతాయి, మధ్యాహ్నం మంట పుడుతుంది, సాయంత్రం గాలికి కాగితపు పళ్లాలు ఎగిరిపోతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో మాత్రం ఆ కొండలే పచ్చటి పట్టు పరిచినట్టుంటాయి, ఆ రెండు నెలలూ నేను మరెక్కడికీ వెళ్లను.

## ఎవరికి ఏది

అమ్మానాన్నలు, అత్తమామలు, చిన్నపిల్లలు అందరూ కలిసి వెళ్తూ, భోజనం ఇంటి నుంచే తీసుకువెళ్లేవారికి సొనోమా ప్లాజా గాని జాక్ లండన్ పార్కు గాని సరిపోతుంది. పెద్దవారికి నడక కష్టమైతే ప్లాజా, నిశ్శబ్దం ఇష్టమైతే పార్కు. తాగేవారు ఒకరిద్దరు ఉంటే ప్లాజా చుట్టుపక్కల టేస్టింగ్ గదులు నడక దూరంలోనే ఉన్నాయి. వారు గంటసేపు వెళ్లివస్తే మిగతావారు చెట్టు కింద కబుర్లు చెప్పుకుంటారు, ఎవరూ ఎవరి కోసం విసుక్కోనవసరం లేదు.

నెలల పసిబిడ్డ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్నా లివర్మోర్ దాటి ఆలోచించవద్దు. పెళ్లిరోజు, పుట్టినరోజు వంటి సందర్భానికి ఇద్దరే వెళ్లేవారికి డ్రై క్రీక్. ఇండియా నుంచి వచ్చి, మళ్లీ ఎప్పుడు వస్తారో తెలియని చుట్టాలు నాపా అని అడిగితే, ఉదయాన్నే ఒక వైనరీ చూపించి, మధ్యాహ్నానికి బోతే పార్కు చేరేలా వేసుకోండి. ఇరవై మంది దాటిన బృందానికి మాత్రం ఏ వైనరీ వద్దు. వాటిలో చాలావరకు పెద్ద గుంపులను ముందస్తు ఒప్పందం లేకుండా రానివ్వవు, పార్కుల్లో బల్లల సముదాయాన్ని ముందే బుక్ చేసుకోవడమే మార్గం.

## రుతువు, సామాను, జాగ్రత్తలు

వేసవిలో ఉష్ణోగ్రత 32 డిగ్రీల సెల్సియస్ దాటిన రోజున వండిన పదార్థాలను చల్లదనం లేకుండా గంటకు మించి ఉంచకూడదని అమెరికా వ్యవసాయ శాఖ హెచ్చరిస్తుంది, అంతకు తక్కువైతే రెండు గంటలు. దద్దోజనం, కొబ్బరి పచ్చడి, ఉడికిన కూరలు ఐసు పెట్టిన కూలర్‌లోనే ఉండాలి. చింతపండు పులుపుకు పులిహోర కొంత తట్టుకుంటుందని మన పెద్దలు చెబుతారు గాని ఎండలో నిలిపిన కారు మన ఊరి వంటిల్లు కాదు, దాన్ని కూడా చల్లగానే ఉంచండి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కందిరీగలు తీపి మీదకు, మాంసం మీదకు మూగుతాయి. స్వీట్లు, చికెన్ మూత ఉన్న డబ్బాల్లోనే పెట్టి, తినేటప్పుడే తీయాలి. బాట వదిలి పొదల్లోకి పోకూడదు. మూడేసి ఆకులుండే పాయిజన్ ఓక్ తగిలితే రోజుల తరబడి దురద, బొబ్బలు వస్తాయి. ఎండలో వెచ్చబడే గిలకపాములు (తోకతో చప్పుడు చేసే విషపు రాటిల్‌స్నేక్‌లు) కూడా ఈ కొండల్లో ఉన్నాయి.

వేసవి చివర నుంచి శరదృతువు దాకా కార్చిచ్చుల కాలం. సొనోమా లోయలోని షుగర్‌లోఫ్ రిడ్జ్ పార్కు 2017లో ఒకసారి, 2020లో మరోసారి కాలింది. ఆర్మ్‌స్ట్రాంగ్ పరిసరాలను 2020లోనే మంటలు చుట్టుముట్టాయి. పొడిగాలుల హెచ్చరిక ఉన్న రోజున పార్కులు మూసివేయవచ్చు, బొగ్గుల పొయ్యి వెలిగించడం నిషిద్ధం. ఇంట్లో వండుకునే వెళ్తాం కాబట్టి మనకు పొయ్యితో పని లేదు, అయినా బయలుదేరే ఉదయం పార్కు తెరిచి ఉందో లేదో చూసుకోవడం మానవద్దు.

నన్ను అడిగితే రెండు కాలాలు మంచివి. మార్చి నుంచి మే మధ్య వరకు ఒకటి, కోత ముగిశాక అక్టోబరు చివరి నుంచి వానలు పట్టుకునేదాకా మరొకటి. ఈ రెండవది మన కార్తీకమాసంతో కలిసివస్తుంది. అప్పటికి ద్రాక్ష ఆకులు పసుపు, ఎరుపు రంగులకు తిరుగుతాయి, జనం పలచబడతారు, మధ్యాహ్నం ఎండ హాయిగా ఉంటుంది. ఇక్కడ ఉసిరిచెట్టు దొరకదు కాబట్టి మేం కుండీలో పెంచుకున్న చిన్న ఉసిరి మొక్కను కారులో పెట్టుకుని వెళ్లి, జాక్ లండన్ పార్కులో ఓక్ చెట్టు కింద బల్ల పక్కన ఉంచి వడ్డించుకుంటాం. నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది, కనుక ఉదయం తొమ్మిదికల్లా బయలుదేరి, పన్నెండుకు విస్తళ్లు వేసి, మూడు దాటకముందే సర్దుకోవాలి.